జాతర, సెలవు, కొండగాలి: పడమటి మండలాల వేసవి పర్యాటకంపై ఒక సమీక్ష

ఉగాది వచ్చింది మొదలు జూన్ రెండో వారంలో బడులు తెరిచేదాకా, పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అంటే మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం, తంబళ్ళపల్లె ప్రాంతాల్లో, మూడు రకాల ప్రయాణాలు ఒకే దారుల మీద కలుసుకుంటాయి. గంగమ్మ జాతరలకూ భారత ఉత్సవాలకూ మొక్కు తీర్చుకోవడానికి వచ్చే భక్తుల ప్రయాణం మొదటిది. బడి సెలవుల్లో హార్స్‌లీ కొండలకో, తలకోనకో, కైగల్ జలపాతానికో విహారానికి బయలుదేరే కుటుంబాల ప్రయాణం రెండోది. బెంగళూరుకు కూలికో ఉద్యోగానికో, గల్ఫ్ దేశాలకు పనికో వెళ్ళినవాళ్ళు జాతర నాటికి సొంత ఊరు చేరుకునే తిరుగు ప్రయాణం మూడోది.

ఈ మూడింటినీ 'వేసవి పర్యాటకం' అనే ఒక్క మాటలో మూట కట్టడం అలవాటైపోవడంతో చర్చ చిక్కుపడింది. రాబడి గురించి మాట్లాడేవారి మనసులో ఉండేది రెండో ప్రయాణం. సంప్రదాయం గురించి మాట్లాడేవారి మనసులో ఉండేది మొదటిది. మూడోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒకరి వాదానికి మరొకరు ఇచ్చే జవాబు వేరొక ప్రయాణానికి సంబంధించినది కావడం వల్ల, ఏళ్ళు గడిచినా వాదం ఒక కొలిక్కి రాలేదు. ఈ సమీక్ష ఆ ప్రయాణాల చరిత్రను విడివిడిగా చూసి, ప్రధాన వాదాలను పక్కపక్కన నిలిపి, ఇంకా తేలకుండా మిగిలినదేమిటో చెప్పడానికి ప్రయత్నిస్తుంది.

ఎండకాలపు దేవతలు

గ్రామదేవతల కొలువులు నడివేసవిలోనే ఎందుకు జరుగుతాయన్న ప్రశ్నకు పండితులు ఇచ్చిన సమాధానాలు ముఖ్యంగా మూడు. మొదటిది సాగు పంచాంగానికి సంబంధించినది. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ మెట్టప్రాంతంలో వేరుశనగ విత్తడం జూన్, జూలైలలో మొదలై కార్తీకం నాటికి కాయ ఇల్లు చేరేది. చెరువుల కింది వరి కోతలు వేసవి మొదటికల్లా ముగిసేవి. అందువల్ల చైత్ర వైశాఖాల్లో ఇంట గింజ, చేతిలో తీరిక రెండూ ఉండేవి. ఊరంతా కలిసి చేసే కొలువుకు ఇంతకన్నా అనువైన కాలం మరొకటి లేదన్నది ఈ వివరణ సారాంశం.

రెండో వివరణ రోగాలకు సంబంధించినది. మశూచి పొడిగాలుల నెలల్లో ఎక్కువగా వ్యాపించేది; దాన్ని దేవత వేడిగా భావించడంతో ఆ వ్యాధికి 'అమ్మవారు' అన్న పేరే స్థిరపడింది. వేపమండలు, పసుపునీళ్ళు, అంబలి, పెరుగన్నం వంటి చలువ వస్తువులన్నీ దేవత వేడిని చల్లార్చే ఉపచారాలుగా జాతరలో చోటు చేసుకున్నాయి. తెలుగు గ్రామదేవతల ఆరాధనను 1915లో ప్రచురించిన గ్రంథంలో వివరించిన ఎల్మోర్, ఆ మరుసటి ఏడాది దక్షిణ భారత గ్రామదేవతలపై పుస్తకం వెలువరించిన మద్రాసు బిషప్ వైట్‌హెడ్, ఇద్దరూ క్రైస్తవ మతసంస్థలకు చెందినవారు; ఇద్దరూ ఈ కొలువుల మూలంలో భయాన్నే ప్రధానంగా చూశారు. ఈ వాదంలో నిజం ఉన్నా అది సగం నిజమే. భారతదేశంలో మశూచి 1975లో ఆగిపోయింది, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి భూమిమీద లేదని ప్రకటించింది, అయినా గంగమ్మ జాతరలు తగ్గకపోగా పెరిగాయి. భయమే మూలమైతే భయం పోయిన తరువాత కొలువు ఎందుకు పెరిగిందో ఆ వివరణ చెప్పలేదు.

మూడో వివరణ దేవతను ఆమె భక్తుల కళ్ళతో చూడడానికి ప్రయత్నించినవారిది. తిరుపతి గంగమ్మ జాతరపై దీర్ఘకాలం పరిశోధన చేసి 2013లో గ్రంథం ప్రచురించిన జాయిస్ ఫ్లూకిగర్, ఆ వారం రోజులూ ఊరంతా స్త్రీశక్తిమయమవుతుందనీ, మగవారు చీర కట్టి వేషం వేయడం ఆ శక్తికి దగ్గరయ్యే మార్గమనీ, స్త్రీలు తమలోని శక్తినే దేవతలో గుర్తిస్తారనీ వాదించారు. గంగమ్మ కథలో దుర్మార్గుడైన పాలెగాణ్ణి వెతుకుతూ ఆమె వేసిన వేషాలను గుర్తుచేస్తూ బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు రోజుకొకటిగా వీధుల్లోకి వస్తాయి. చివరి రాత్రి గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలిపి, తెల్లవారేసరికి చెంప నరికే తంతుతో జాతర ముగిస్తారు; ఆ మట్టిని భక్తులు ప్రసాదంగా ఇంటికి తీసుకువెళతారు.

పర్యాటక చర్చకు ఈ జాతరలో అన్నిటికన్నా ముఖ్యమైన అంశం చాటింపు. జాతర మొదలైనట్టు వీధివీధినా చాటింపు వేసిన తరువాత ఊరివాళ్ళు పొలిమేర దాటి వేరేచోట రాత్రి గడపకూడదనీ, బయటివాళ్ళు ఊళ్ళో రాత్రి ఉండకూడదనీ తిరుపతిలో నియమం ఉండేది. అంటే జాతర పుట్టుకలో ఊరి తలుపు మూసుకుని చేసుకున్న కొలువు. దేవతకూ ఊరికీ మధ్య జరిగే ఒప్పందంలో పైవాడికి చోటు లేదు. ఇవాళ అదే జాతర రాష్ట్ర పండుగ హోదా పొంది, బయటివారిని పిలిచే ఉత్సవంగా మారింది. ఈ మార్పు మంచిదా చెడ్డదా అని తేల్చేముందు, అది చిన్న మార్పు కాదని ఒప్పుకోవలసి ఉంటుంది.

పడమటి మండలాల్లో ఈ సంప్రదాయం రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి ఊరి జాతర. పుంగనూరు జమీందారీ వంశం కొలిచిన సుగుటూరు గంగమ్మ జాతర, మే నెలలో జరిగే కుప్పం ప్రసన్న తిరుపతి గంగమాంబ జాతర ఈ కోవకు చెందుతాయి. వీటికి తిథి ఉంది, పొలిమేర ఉంది, ఏ కులానికి ఏ పని అన్న కట్టుబాటు ఉంది. కుప్పం జాతర పేరులోనే తిరుపతి ఉండడం, ఒక పట్నపు దేవత మరొక పట్నానికి ఎలా తరలివెళ్ళి అక్కడిదై పోతుందో చూపుతుంది. రెండోది కొండక్షేత్రం. చౌడేపల్లె మండలంలోని బోయకొండ గంగమ్మ ఒక ఊరికి పరిమితమైన దేవత కాదు. బోయల పోరాటగాథతో ముడిపడిన ఆ కొండకు కర్ణాటక, తమిళనాడు నుంచి కూడా ఏడాది పొడవునా భక్తులు వస్తారు, అమ్మవారి శిరసు మీద ఉంచిన పువ్వు ఏ వైపు రాలితే దాన్నిబట్టి పని అవుతుందో లేదో తెలుసుకుంటారు. ఊరి జాతరకు వచ్చేవాడు బంధువు, కొండక్షేత్రానికి వచ్చేవాడు యాత్రికుడు. ఈ తేడాను పట్టించుకోకుండా రెండింటికీ ఒకే ఏర్పాట్లు చేయబూనడం చాలా పొరపాట్లకు కారణం.

వేసవి రాత్రుల మరో పెద్ద ఉత్సవం భారతం. ధర్మరాజు గుడి, ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్ళలో పద్దెనిమిది రోజుల పాటు పగలు హరికథగా, రాత్రి వీధినాటకంగా మహాభారతం సాగుతుంది. తమిళనాట ఉత్తర ఆర్కాడు నుంచి చిత్తూరు జిల్లా దాకా వ్యాపించిన ఈ ద్రౌపది ఆరాధనపై ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988 నుంచి వెలువరించిన గ్రంథాలు ప్రసిద్ధం. అర్జునుడి వేషధారి పాటలు పాడుతూ ఎత్తైన తపసు మానెక్కి పైనుంచి విసిరే పండ్లు, విభూతి కోసం సంతానం లేని స్త్రీలు చెట్టుకింద కొంగు పట్టుకుని కాచుకోవడం, నేలమీద మట్టితో మలిచిన భారీ దుర్యోధనుడి తొడ విరగ్గొట్టే ఘట్టం, చివరిరోజు సాయంత్రం కాప్పు అనే కంకణం కట్టుకున్న భక్తుల అగ్నిగుండ ప్రవేశం, ఈ మూడూ వేలమందిని రప్పిస్తాయి. తెలుగు, తమిళ రంగస్థలాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఇంత సంపన్నమైన కళారూపం పర్యాటక ప్రచార పత్రాల్లో ఒక్క పంక్తికి కూడా నోచుకోకపోవడం బాధాకరం.

కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలోనూ, ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం చైత్ర పున్నమి రాత్రీ జరిగి వేసవి యాత్రలకు తెర తీస్తాయి. దర్గాల ఉరుసులు, రంజాన్ చాంద్రమానాన్ని అనుసరించి ఋతువులన్నింటా తిరుగుతాయి కాబట్టి అవి కొన్ని ఏళ్ళలో మాత్రమే ఈ కాలంలో పడతాయి.

కొండమీది చల్లదనం

విహారయాత్ర చరిత్ర జాతర చరిత్రతో పోలిస్తే చాలా చిన్నది. మద్రాసు ప్రభుత్వం 1870 నుంచి ఏటా వేసవిలో ఉదకమండలానికి తరలివెళ్ళడం ఆనవాయితీ చేసుకున్నట్టే, జిల్లా స్థాయి దొరలూ తమ పరిధిలో చల్లని కొండ కోసం వెతికారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ 1860ల్లో ఇక్కడి కొండపై వేసవి విడిది కట్టించుకున్నాడు. అప్పటిదాకా అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల సంరక్షణలో పెరిగిన మల్లమ్మ అనే పిల్ల చుట్టుపక్కల చెంచులకు మేలుచేసి మాయమైందన్న కథ ఆ పేరుకు ఆధారం. కొండ పేరు మారినా మల్లమ్మ గుడి ఇప్పటికీ ఉంది.

సముద్రమట్టానికి 1,265 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండ, సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె కంటే మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉండడానికి కారణం సులభంగానే తెలుస్తుంది: ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కడప, తిరుపతి మైదానాల్లో ఎండ 42 డిగ్రీలు దాటిన రోజుల్లో కొండపై ఉన్న గాలిబండ మీద సాయంత్రం నిలబడేవారికి ఆ తేడా ఇంకా ఎక్కువగా తోస్తుంది. నిజానికి మదనపల్లె చల్లదనానికి గుర్తింపు కొండతోనే ఆగలేదు. క్షయరోగులకు పొడిగాలి మేలుచేస్తుందన్న నమ్మకంతో 1915లో మదనపల్లె దగ్గర నెలకొన్న శానటోరియం వల్ల ఆ చోటుకు ఆరోగ్యవరం అన్న పేరు వచ్చింది. అదే ఏడాది అనీబిసెంట్ ప్రోత్సాహంతో వెలసిన దివ్యజ్ఞాన కళాశాలలో 1919 ఫిబ్రవరిలో బస చేసినప్పుడే రవీంద్రనాథ్ ఠాగూర్ 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో ఏర్పడిన రిషివ్యాలీ పాఠశాల హార్స్‌లీ కొండల దిగువ లోయలో ఉంది. వైద్యం కోసం, చదువు కోసం, ఏకాంతం కోసం నెలల తరబడి ఉండడానికి వచ్చే పాత రకం అతిథికీ, శనివారం వచ్చి ఆదివారం వెళ్ళిపోయే కొత్త రకం అతిథికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ చరిత్ర చెబుతుంది.

బడి సెలవు, బెంగళూరు దారి

ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు ఇచ్చే సెలవులు వలసపాలన నాటి కోర్టుల, కార్యాలయాల వేసవి విరామంతో కలిసి రూపుదిద్దుకున్నాయి. ఒకప్పుడు ఆ సెలవులంటే అమ్మమ్మగారి ఊరు. ప్రయాణం ఉన్నా అది బంధుత్వం గీసిన దారిలోనే సాగేది. సొంతకార్లు పెరిగి, బెంగళూరు నగరం సమాచార సాంకేతిక పరిశ్రమతో విస్తరించిన తరువాత, ఆ నగరానికి కారులో మూడు నాలుగు గంటల దూరంలో ఉన్న హార్స్‌లీ కొండలు వారాంతపు విడిదిగా మారాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళేవారి కంటే కర్ణాటక నుంచి వచ్చేవారితోనే కొండ గదులకు గిరాకీ అన్నది స్థానికంగా అందరూ చెప్పే మాట.

బెంగళూరు దారిలో రెండోవైపు నడిచేవాళ్ళు వేరు. కుప్పం నుంచి రోజూ రైలెక్కి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో పనిచేసి రాత్రికి తిరిగివచ్చేవాళ్ళు, కట్టడాల పనికి కుటుంబాలతో వెళ్ళి అక్కడే గుడిసెల్లో ఉండేవాళ్ళు, తంబళ్ళపల్లె, పెద్దమండ్యం వైపు నుంచి వెళ్ళి గల్ఫ్‌లో ఏళ్ళు గడిపేవాళ్ళు, అందరికీ ఊళ్ళో జాతర ఒక గడువు. పెళ్ళిచూపులు, భూమి పంపకాలు, అప్పుల తీర్మానాలు, ఆగిపోయిన ఇంటిపనులు ఆ పది పదిహేను రోజుల్లోనే కుదురుతాయి. వీరు హోటలు గది తీసుకోరు, టిక్కెట్టు కొనరు. అయినా పొట్టేలు దగ్గర నుంచి బట్టల దాకా, సిమెంటు నుంచి బంగారం దాకా వీరు పెట్టే ఖర్చు ఊరి అంగళ్ళలోనే ఉంటుంది. పర్యాటక ఆదాయాన్ని గదుల లెక్కతో కొలిచే పద్ధతి ఈ డబ్బును చూడలేదు.

వాదాలు నాలుగు

రాబడి వాదం అన్నిటికన్నా గట్టిగా వినిపించేది. కరువుప్రాంతానికి పరిశ్రమ తక్కువ, నీరు తక్కువ, కాబట్టి చల్లని కొండ, పాత కోట, జలపాతం, జాతర, వీటినే పెట్టుబడిగా మార్చుకోవాలని, గుర్రంకొండ కోట నుంచి తలకోన దాకా ఒక యాత్రామార్గం అల్లాలని ఈ వాదులు కోరతారు. గైడు, డ్రైవరు, వంటమనిషి, పూల అంగడి, కొబ్బరికాయల కొట్టు వంటి ఉపాధులు చదువు తక్కువైనవారికీ అందుబాటులో ఉండడం ఈ వాదానికి నిజమైన బలం. అయితే ఏడాదిలో పది వారాల రద్దీ మీద ఆధారపడిన ఉపాధి మిగిలిన నలభై రెండు వారాలు ఏమవుతుందన్న ప్రశ్నకు ఇక్కడ సరైన జవాబు లేదు.

భారవాదం దానికి ఎదురు నిలుస్తుంది. ఒక చోటు తన నీరు, నేల, అడవి, నివాసుల ఓర్పు చెడకుండా ఎంతమందిని మోయగలదో దాన్ని పర్యాటక శాస్త్రం 'మోయగల సామర్థ్యం' అంటుంది. భూగోళ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ బట్లర్ 1980లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం పర్యాటక స్థలానికి ఒక జీవితచక్రం ఉంటుంది: కొందరు కనుగొంటారు, తరువాత స్థానికులు వసతులు కల్పిస్తారు, ఆపై పెద్ద పెట్టుబడి వస్తుంది, చివరకు తన ఆకర్షణను తానే తినివేసిన స్థలం నిలిచిపోతుంది లేదా క్షీణిస్తుంది. అంతకు ఐదేళ్ళ ముందు డాక్సీ అనే పరిశోధకుడు, అతిథుల పట్ల నివాసుల మనసు సంబరంతో మొదలై ఉదాసీనతకూ, విసుగుకూ, చివరకు వైరానికీ మారుతుందని సూత్రీకరించాడు. పడమటి మండలాల్లో ఈ వాదానికి మరొక కోణం ఏనుగులు. 1980ల్లో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి తిరిగివచ్చిన ఏనుగుల కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పలమనేరు, కుప్పం పల్లెల్లో పంటనష్టం, ప్రాణనష్టం ఇంకా ఆగలేదు. వేసవిలో నీటిజాడ పట్టి ఏనుగులు కదిలే దారికీ, కైగల్ వంటి జలపాతాలకు జనం వెళ్ళే దారికీ ఎంత ఎడం ఉండాలో నిర్ణయించకుండా అక్కడ వసతులు పెంచడం ప్రమాదకరం.

సంస్కరణవాదం పాతది, దానికి చట్టబలం కూడా ఉంది. గుడి ఆవరణల్లో జంతుబలిని 1950 నాటి చట్టం నిషేధించింది. దేవతకు ఆడపిల్లలను అంకితం చేయడాన్ని 1988 నాటి చట్టం నేరంగా ప్రకటించింది. చిత్తూరు జిల్లా దళితవాడల్లో మాతమ్మ పేరుతో పిల్లలను వదిలే ఆచారం ఆ తరువాత కూడా కొనసాగిన సంగతి 2017లో జాతీయ మానవ హక్కుల సంఘం దృష్టికి వెళ్ళింది. జాతరను వారసత్వంగా కీర్తించేవారు ఈ పిల్లల మాట దాటవేయడం క్షమించరానిది. బలి విషయంలో మాత్రం చర్చ అంత సూటిగా లేదు. మాంసం అక్కడే వండి బంధువులకు పెట్టడం పేదకులాల పండుగలో ప్రధాన భాగం కాబట్టి, నిషేధం వెనుక పైకులాల శాకాహార అభిరుచి ఉందని కొందరి విమర్శ. ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో చెప్పిన సంస్కృతీకరణం, అంటే కింది కులాలు పైకులాల ఆచారాలను అనుసరించి హోదా పెంచుకోవడం, గుడి దేవాదాయ శాఖ చేతికి వచ్చిన తరువాత పరిపాలన ద్వారా కూడా జరుగుతున్నదని వారి అభిప్రాయం.

నాలుగోది వారసత్వవాదం. వీధినాటకం, పంబ, డప్పు, వేషం, మట్టిపని, వీటిని నిలబెట్టాలంటే చూసేవాళ్ళు కావాలని ఇందులో ఒక శాఖ అంటుంది. చూసేవాళ్ళ కోసం ఆడడం మొదలైన రోజు కొలువు ప్రదర్శన అవుతుందని మరొక శాఖ అంటుంది. రెండింటిలోనూ నిజం ఉంది. భారతం ఆడే బృందాలకు పద్దెనిమిది రాత్రుల కూలి ఇచ్చేది ఊరి చందా. ప్రభుత్వ వేదిక మీద అరగంట ప్రదర్శనకు వచ్చే పారితోషికం ఆ చందాకు తోడు కావచ్చు గాని దాని స్థానం తీసుకోలేదు. కళను ఊరినుంచి విడదీసి కాపాడవచ్చునన్న ఆశ ఈ ప్రాంతంలో ఎక్కడా ఫలించలేదు.

పోల్చి చూస్తే రాబడి వాదం కొత్తవారి రాకను కోరుతుంది, భారవాదం దానికి హద్దు కోరుతుంది, సంస్కరణవాదం లోపలివారి ఆచారంలో మార్పు కోరుతుంది, వారసత్వవాదం ఆ ఆచారం చెదరకుండా ఉండాలని కోరుతుంది. మొదటి రెండూ కొండ గురించి, చివరి రెండూ ఊరి గురించి. కొండకు చెప్పిన మందు ఊరికి పనిచేయదు. హార్స్‌లీ మీద వాహనాలకు పరిమితి పెట్టవచ్చు గాని, కుప్పం జాతరకు వచ్చే ఆడపడుచును పొలిమేర దగ్గర ఆపడం కుదరదు.

ఇతర చోట్ల అనుభవం

నీలగిరుల, కొడైకెనాల్ అనుభవం ఈ చర్చకు అన్నిటికన్నా దగ్గరిది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి అక్కడికి వెళ్ళే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 వేసవిలో నీలగిరులకు వారపు దినాల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలనూ, కొడైకెనాల్‌కు వరుసగా 4,000, 6,000 వాహనాలనూ హద్దుగా నిర్ణయించారు. వర్తకులు దీన్ని వ్యతిరేకించారు. ఇటలీలోని వెనిస్ నగరం 2024 ఏప్రిల్ నుంచి రద్దీ రోజుల్లో పగటి సందర్శకులపై ఐదు యూరోల రుసుము పెట్టింది. రెండుచోట్లా నియంత్రణ సమస్య ముదిరిన తరువాతే వచ్చింది.

తిరుమల ఉదాహరణ వేరు. వేసవిలో సిఫారసు లేఖల దర్శనాలను తగ్గించడం, సామాన్య భక్తుల క్యూలకు నీడ, మజ్జిగ, అన్నప్రసాదం ఏర్పాటు చేయడం, 2022 జూన్ నుంచి ప్లాస్టిక్‌ను పూర్తిగా నిషేధించడం వంటివి పెద్ద సంస్థ, పెద్ద నిధి ఉన్నచోట సాధ్యమయ్యాయి. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాలు లేకపోతే ఆ కొండ అంతమందిని మోయలేదు. హార్స్‌లీకి ఉన్నది గంగోత్రి అనే చిన్న చెరువు, దిగువనుంచి తెచ్చుకునే నీరు. తిరుమలను నమూనాగా చూపేవారు ఈ తేడాను ముందుగా చూడాలి.

మరో అనుభవం ఎవరూ కోరుకోనిది. 2020, 2021 వేసవుల్లో కరోనా కారణంగా జనం లేకుండా పూజారులు, కొద్దిమంది పెద్దలు మాత్రమే జాతర తంతు జరిపారు. కొండమీది విడుదులు మూతపడ్డాయి. జనం లేకపోయినా జాతర జరిగింది, పర్యాటకులు లేకపోతే విడిది నడవలేదు. రెండింటి స్వభావంలోని తేడాను అంతకన్నా తేటగా చూపిన సందర్భం లేదు.

నీటి లెక్క

ఈ వాదాలన్నింటినీ దాటి నిలిచే అంశం నీరు. ఏప్రిల్, మే నెలల్లో పడమటి మండలాల బోర్లు అడుగంటుతాయి, ఊళ్ళకు ట్యాంకర్లు తిరుగుతాయి. సరిగ్గా అప్పుడే జాతర జనం, సెలవు జనం, మదనపల్లె మార్కెట్టును నింపే వేసవి టమోటా పంట, మూడూ నీరు అడుగుతాయి. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటైన మదనపల్లెకు వేసవి నెలలే ముఖ్యమైన రాబడి కాలం. బోరు, డ్రిప్పు వచ్చాక ఒకప్పటి తీరిక నెలలు కోతల నెలలయ్యాయి. జాతరలకు సాగు పంచాంగం చెప్పిన పాత కారణం ఆ మేరకు బలహీనపడింది, అయినా జాతర తిథి మారలేదు. హంద్రీ-నీవా పథకం పుంగనూరు, కుప్పం ఉపకాలువల ద్వారా కృష్ణాజలాలు చెరువులకు చేరినంత మేరకు ఈ ఒత్తిడి కొంత తగ్గుతుంది. కాలువ నీరు కొండెక్కదు కాబట్టి హార్స్‌లీ ప్రశ్న అలాగే మిగులుతుంది.

ఎండ కూడా మునుపటిది కాదు. 2015 మే నెల వడగాడ్పుల్లో ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు. ఆ తరువాతే రాష్ట్రం వడగాలుల కార్యాచరణ ప్రణాళిక మీద దృష్టిపెట్టింది. మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా నిప్పులాంటి నేలమీద గంటలకొద్దీ క్యూలో నిలిచే వృద్ధులు, గర్భిణులు, వేషం వేసుకుని ఎండలో తిరిగే పిల్లలు జాతరలో అందరికన్నా ప్రమాదంలో ఉన్నవారు.

దీనికి ఈ ప్రాంతపు సంప్రదాయంలోనే ఒక కొలమానం ఉంది. అది చలివేంద్రం. ఎండకాలంలో దారిన పోయేవాడికి కుండనీళ్ళు, మజ్జిగ, అంబలి పోయగలిగినవాడే దాత అన్నది పాత లెక్క. పిలిచినవాడు ముందు నీళ్ళు చూపాలి. ఆ లెక్కను నేటి పరిపాలనకు వర్తింపజేస్తే ప్రశ్నల వరుసే మారుతుంది. ఎన్ని గదులు కట్టాలన్నది మొదటి ప్రశ్నగా ఉండదు. మే నెల చివరి వారంలో కొండమీద రోజుకు ఎన్ని లీటర్లు ఉంటాయి, అందులో దిగువ పల్లెల వాటా పోగా ఎంతమంది అతిథులకు సరిపోతాయి అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. నాలుగు వాదాల్లో ఏదీ ఈ ప్రశ్నను తప్పించుకోలేదు, తప్పించుకోకూడదు.

ఇంకా తేలనివి

జాతరకు తిరిగివచ్చే వలసజనం ఊరి ఆర్థికానికి ఇచ్చేదెంత అన్నది కొలవడానికి పద్ధతి ఏర్పడలేదు. రాష్ట్ర పండుగ హోదా వల్ల వచ్చే నిధుల్లో వేషగాళ్ళకు, డప్పు వాయించేవారికి, పారిశుద్ధ్య కార్మికులకు దక్కవలసిన వాటా ఎంతో నియమం లేదు. జాతర మరుసటి ఉదయం వీధులు ఊడ్చేవారి చేతుల మీదనే ఆ ఉత్సవం ముగుస్తుందన్న సంగతి ఏ వాదంలోనూ తగినంత చోటు పొందలేదు. సెలవులను జిల్లాలవారీగా వేర్వేరు తేదీల్లో ఇచ్చి రద్దీని పలుచన చేయవచ్చునన్న సూచన ఐరోపాలోని కొన్ని దేశాల్లో అమలైనా, ఎండతీవ్రతే సెలవుకు కారణమైన ఇక్కడ అది ఎంతవరకు పనికివస్తుందన్నది చర్చించవలసి ఉంది.

పర్యాటక పటంలో లేని మండలాల సంగతి కూడా తేలలేదు. పాపాఘ్ని నది బెంగళూరు వారాంతపు విహారులకు ప్రియమైన నందికొండల్లోనే పుట్టి, ఎక్కువ కాలం ఎండిన ఇసుకగా ఈ సీమకు చేరుతుంది. దాని పరీవాహకంలోని పెద్దమండ్యం వంటి చోటికి విహారి రాడు, వచ్చేదల్లా ఊరి బిడ్డ. అక్కడి వేసవికి కావలసినవి రిసార్టులు కావు. జాతర వారంలో అదనపు బస్సులు, నీటి ట్యాంకర్లు, రాత్రిపూట పనిచేసే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. వేసవి పర్యాటకం పేరిట వెచ్చించే నిధిలో ఇలాంటి ఊళ్ళకు నిర్దిష్టమైన భాగం కేటాయించాలి. హార్స్‌లీ కొండలపై కొత్త గదులకు అనుమతి కోరే ప్రతి ప్రతిపాదనకూ ఏప్రిల్, మే నెలల నీటి లెక్కను జతపరచి, దాన్ని దిగువ గ్రామసభల ముందు ఉంచిన తరువాతే నిర్ణయం తీసుకోవాలని పర్యాటక శాఖకూ, అటవీ శాఖకూ, స్థానిక ప్రజాప్రతినిధులకూ విన్నవించవలసి ఉంది.